గురువారం సాయంత్రం ఆరింటికి

బల్ల మీద ఖాకీ సంచి నోరు తెరుచుకొని ఉంది. కస్తూరి అందులో రెండు జతల ఉన్ని మేజోళ్లు పెట్టింది. తువ్వాలు పెట్టింది, సబ్బు పెట్టె పెట్టింది. చొక్కాల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

"ఎన్ని రోజులకు సర్దాలి సార్?" అని అడిగింది.

స్టోర్స్ గదిలో మాటలు ఆగిపోయాయి. టీ తాగుతున్న ఇద్దరు మెకానిక్కులు గ్లాసులు కింద పెట్టారు. తలుపు దగ్గర ఉన్న ఆఫీసరు నాలుగంగల్లో వెళ్లి కిటికీ మూశాడు.

స్టూలు మీద కాళ్లూపుకుంటూ కూర్చున్న కుర్ర పైలట్ ఒక్కడే నవ్వాడు.

"ముప్పై ఏండ్లకు సర్దు మేడమ్. చలికోటు రెండు సైజులు పెద్దది పెట్టు. అప్పటికి పొట్టొస్తది నాకు."

"నిరంజన్," అన్నాడు కిటికీ మూసిన ఆఫీసరు.

"జోకే అన్నా. గాలికి కూడా ఎరుకే జోకని."

కస్తూరికి ఉద్యోగంలో అది మొదటి రోజు. ఏం తప్పు చేసిందో తెలియలేదు. ఆఫీసరు బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"నీ తప్పు కాదులేమ్మా, చెప్పాల్సినోళ్లు నీకు చెప్పలేదు. నా పేరు సుధీంద్ర, స్క్వాడ్రన్ లీడర్‌ని, నేనూ పైలట్‌నే. మా పైలట్లని ఎప్పుడొస్తావు, ఎన్నాళ్లుంటావు అని అడగకూడదు. అడిగితే జవాబు చెప్పాలనిపిస్తుంది. చెప్తే గాలి వింటుంది."

యుద్ధం అప్పటికి మూడో ఏడు. కొండల అవతలి ఉత్తర సమాఖ్య 2001 చలికాలంలో లోయల్లోకి దిగింది. అప్పటి నుంచి రాజధాని పక్కన హిండన్ నది ఒడ్డున ఉన్న ఈ బేస్ నుంచి యుద్ధవిమానాలు ఉత్తరానికి వెళ్తూనే ఉన్నాయి. వాటికి రెక్కలున్నాయి, తుపాకులున్నాయి, ఇంజను లేదు. తొంభై ఏళ్ల కిందటి పెద్ద యుద్ధంలో, పెట్రోలు అయిపోయిన విమానాన్ని ఒక సిపాయి గాలిని బతిమాలి దింపుకున్నాడు. ఆ విద్య పెరిగి పెరిగి చివరికి ఇంజన్ల అవసరమే లేకుండా పోయింది. ఇంత ఎత్తుకు వెళ్తాను, ఫలానా వేళకు ఫలానా చోట ఉంటాను అని పైలట్ గాలికి మాట ఇస్తాడు. గాలి అతన్ని ఆ వేళకు అక్కడికి చేరుస్తుంది. ఆ శక్తితో పుట్టేవాళ్లు లక్షకొక్కరు. జనం వాళ్లను మాట పైలట్లు అంటారు.

చిక్కు ఒకటే. మాట ఎక్కడ అన్నారో గాలి పట్టించుకోదు. విమానంలో కూర్చొని అన్నా, టీ కొట్టు దగ్గర నిలబడి అన్నా, మనసులో ఉన్నదే నోటితో అంటే చాలు, పట్టుకుంటుంది. తల్లిభాషలో అంటే మరీ గట్టిగా పట్టుకుంటుంది. ఎగతాళికీ అబద్ధానికీ మాత్రం కదలదు. అందుకే మాట పైలట్లలో చాలామంది పొద్దస్తమానం అల్లరి చేస్తూ, వెక్కిరిస్తూ, కోతలు కోస్తూ తిరుగుతారు. చూసినవాళ్లు పొగరనుకుంటారు. సంచిలో చొక్కాలు లెక్కపెట్టుకోవడం కూడా ఇన్ని రోజులని మనసులో అనుకోవడమే కాబట్టి, వాళ్ల సంచి వాళ్లు సర్దుకోకూడదు. దాని కోసమే కస్తూరి ఉద్యోగం.

"మా బ్యాచ్‌లో ఒకడు దీపావళికి ఇంట్లో ఉంటానని వాళ్లమ్మకు మాటిచ్చినాడు," అన్నాడు సుధీంద్ర. "దీపావళి పొద్దున గాలి వాణ్ని తిన్నగా ఇంటికి తోలింది. మధ్యలో కొండ ఉండింది. గాలి కొండని చూసుకోదు కదమ్మా."

కస్తూరి చొక్కాల దొంతర మీద నుంచి చెయ్యి తీసేసింది.

"అన్నా, భయపెట్టకు, పాప ఏడుస్తది," అంటూ నిరంజన్ పెదవులు సున్నాలా చుట్టి ఊదాడు. చేతికందే దూరంలో చిన్న అల్లరికి మాత్రం మాట అక్కర్లేదు, గాలి వాళ్లతో ఆడుకుంటుంది. సంచిలోని మేజోళ్లు నాలుగూ లేచి, బల్ల మీద జంటలు జంటలుగా అటూ ఇటూ నడిచాయి. ఒకటి ఆమె మణికట్టు దగ్గర ఆగి వంగి దండం పెట్టింది.

మెకానిక్కులు నవ్వారు. కస్తూరి నవ్వలేదు. ఆ మేజోడును రెండు వేళ్లతో పట్టుకొని, మిగతావాటితో పాటు సంచిలో పడేసి, పైన ఒక చొక్కా పెట్టి జిప్పు వేసింది.

నిరంజన్ సంచి భుజాన వేసుకొని, "పోతున్న మేడమ్," అన్నాడు.

వెళ్లిరండి అనబోయి ఆమె మధ్యలోనే నోరు మూసుకుంది.

కస్తూరి వాళ్లది ఇందిరాపురంలో రెండో అంతస్తు. నాన్న అనంతరామయ్య కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. ఇంట్లో ఆయన, నాయనమ్మ తాయారమ్మ, కస్తూరి. తల్లి లేదు. కస్తూరికి తొమ్మిదేళ్లప్పుడు తల్లి చిన్న బుట్టలో రెండు చీరలు పెట్టుకొని ఆసుపత్రికి బయల్దేరింది. "రెండు రోజుల్లో వచ్చేస్తానమ్మా, ఎదురింటి ఆంటీని విసిగించకు," అని చెప్పి ఆటో ఎక్కింది. కస్తూరి రెండు రోజులూ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. తర్వాత లెక్కపెట్టడం మానేసింది. ఎవరైనా చెప్పులేసుకుంటున్న చప్పుడు వింటే ఇప్పటికీ ఆమె గుండె ఒక్క క్షణం ఆగుతుంది.

అదే అపార్టుమెంటులో నాలుగో అంతస్తు సుధీంద్ర వాళ్లదని రెండో రోజే తెలిసింది. అతని భార్య రేవతి డాబా మీద బట్టలు ఆరేస్తూ తనే పలకరించింది.

"నువ్వేనా, ఎన్ని రోజులకని అడిగిన అమ్మాయివి? మా ఆయన ఫోన్లో చెప్పి ఒకటే నవ్వు."

"నాకు భయంతో నిద్ర పట్టలేదండీ."

"అండీ ఏమిటి, అక్కా అను. ఈ డెబ్బై ఫ్లాట్లలో దీదీ అనేవాళ్లే గాని అక్కా అనేవాళ్లు లేరు."

ఇద్దరూ కలిసి దుప్పటి పిండారు. ఉత్తరం వైపు ఆకాశం బూడిద రంగులో ఉంది.

"అక్కా, మీరు ఎప్పుడూ అడగలేదా? ఎప్పుడొస్తారని?"

"ఆరేళ్లయింది పెళ్లయి. ఒక్కసారీ అడగలేదు. ఆయన బూట్లేసుకుంటుంటే నేను ఇడ్లీ పిండి పులిసిందా లేదా అని మాట్లాడతాను. లిఫ్ట్ మళ్లీ చెడిపోయిందంటాను. నోట్లో ఏదో ఒకటి ఉండాలి, లేకపోతే ఆ మాట వచ్చేస్తుంది." రేవతి క్లిప్పు పెట్టి దుప్పటి అంచు సరిచేసింది. "భయం లేదనుకోకు. నాకు భయం ఎక్కువే."

ఆరో రోజు మధ్యాహ్నం స్టోర్స్ కౌంటర్ మీద ఖాకీ సంచి ధబ్బున పడింది.

"కంప్లయింట్ రాసుకోండి మేడమ్," అన్నాడు నిరంజన్. "సంచిల ఒక్కటే చొక్కా ఉన్నది. ఆరు దినాలు ఒకటే చొక్కా. మా సుధీ అన్న నా పక్కన కూసోని తినలేదు. శత్రువులు కూడా దూరం దూరం ఉన్నరు."

కస్తూరి కౌంటర్ అంచు పట్టుకొని నిలబడింది.

"ఎన్ని పెట్టాలో భయమేసింది. అందుకని ఒకటి పెట్టాను."

"ఒకటంటే ఒక దినమని గాలి అనుకుంటే?"

"అయ్యో, అనుకుంటుందా?"

"అనుకోదు. నువ్వు మాట పైలట్‌వి కాదు గదా. ఏంది, గిట్ల తెల్లగ అయినవ్?" అని టీ తాగుతున్న మెకానిక్ వైపు తిరిగాడు. "దశరథ్ భయ్యా, మేడమ్‌కు ఒక గ్లాసు పానీ ఇవ్వు."

ఆ తర్వాత అతను బేస్‌లో ఉన్న రోజుల్లో స్టోర్స్‌కు రాని రోజు లేదు. బూటు తాడు తెగిందని ఒకసారి, ఆ కొత్త తాడు మరీ కొత్తగా ఉందని ఒకసారి. చేతి తొడుగుల్లో ఎడమది తనను చూసి నవ్వుతోందని మరోసారి.

"మీది ఏ ఊరు?" అని కస్తూరి అడిగితే, "చందమామ మీద, రెండో వీధి," అన్నాడు. హనుమకొండ అని సుధీంద్ర చెబితే తెలిసింది.

ఆమె రిజిస్టర్ రాసుకుంటూ తల వంచుకుంటే కాగితాలు వాటంతటవే పేజీ తిరిగేవి. కోపంగా తలెత్తితే అతను గోడ మీద క్యాలెండరు చదువుతూ ఉండేవాడు.

ఆగస్టు మొదటి ఆదివారం సుధీంద్ర పాత మారుతిలో నలుగురూ కలిసి సాకేత్‌లో మ్యాట్నీకి వెళ్లారు. సినిమా సగంలో సైరన్ మోగింది. లైట్లు వేసి, అందరినీ బయటికి పంపి, పక్క భవనం కింద పార్కింగులో నిలబెట్టారు. అక్కడ చోటు చాలలేదు. రేవతీ సుధీంద్రా లోపలికి వెళ్లగలిగారు. కస్తూరీ నిరంజనూ వాన కింద మిగిలారు.

వాన మాత్రం వాళ్ల మీద పడలేదు. తల మీద రెండడుగుల ఎత్తులో చినుకులు పక్కకు తిరిగి, గొడుగు మీంచి జారినట్టు చుట్టూ పడుతున్నాయి.

"అందరూ చూస్తారు," అంది కస్తూరి.

"అందరూ ఆకాశం దిక్కు చూస్తున్నరు. బాంబు కోసం."

నిజమే. ఆమె కూడా చూసింది. మబ్బు తప్ప ఏమీ లేదు. మబ్బు వెనక ఏముందో తెలియదు. ఆమె చెయ్యి దానంతటదే అతని మోచేతి మీద చొక్కా గుడ్డను పట్టుకుంది.

"ఒక్కసారైనా తిన్నగా మాట్లాడతారా నాతో?"

అతను చెయ్యి చాపి, పక్కకు జారుతున్న చినుకులను వేలితో తాకాడు.

"నువ్వంటే నాకు అస్సలు ఇష్టం లేదు కస్తూరి."

ఆమె అతని వైపు తిరిగింది. అతను వానను చూస్తున్నాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"నేను అబద్ధమే చెప్పగల్గుత," అన్నాడు. "అర్థం చేసుకునుడు నీ పని."

"ఎంత ఇష్టం లేదు?"

"చెప్తే సుధీ అన్న ఎక్కిరించి నన్ను ఊళ్లె తిరగనియ్యడు. మస్తు ఇష్టం లేదు."

కస్తూరి చొక్కా గుడ్డ వదల్లేదు. "నాక్కూడా మీరంటే బొత్తిగా ఇష్టం లేదు," అంది.

అంతే, వాన ఒక్కసారిగా ఇద్దరి మీదా పడింది. నిరంజన్ నెత్తి మీంచి నీళ్లు తుడుచుకుంటూ, "గాలి చెయ్యి జారింది," అన్నాడు. ప్రమాదం లేదన్న ఆల్ క్లియర్ సైరన్ మోగేదాకా ఇద్దరూ తడుస్తూ నిలబడ్డారు. కారులో రేవతి వాళ్లిద్దరినీ చూసి, అడక్కుండానే తువ్వాలు అందించి కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

పెళ్లి మాటలకు ఇంటికి వచ్చిన నిరంజన్‌ను అనంతరామయ్య గారు ఫైలు చూసినట్టు చూశారు. చదువు, ఊరు, తల్లిదండ్రులు, గోత్రం. నిరంజన్ ప్రతిదానికీ చేతులు కట్టుకొని అబద్ధం చెప్పాడు. ఆయన రెండుసార్లు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. పక్కన కూర్చున్న సుధీంద్ర ఒక్కో అబద్ధాన్నీ సరిదిద్దుతూ వచ్చాడు.

"మా నాయన సర్కస్‌ల ఉంటడు అంకుల్."

"స్కూల్ హెడ్మాస్టర్ సార్."

"అక్కడ సింహాలకు బదులు పిలగాండ్లు."

"అది నిజమే సార్."

అనంతరామయ్య గారికి నవ్వొచ్చింది. తాయారమ్మకు మాత్రం ఒక్కటి మింగుడు పడలేదు. అతను వెళ్లేటప్పుడు గుమ్మంలో నిలబడి, "ఇగ పోతున్న నాయనమ్మా," అన్నాడు. ఆవిడ ముఖం మాడిపోయింది.

"వెళ్లొస్తానని అనడేమిటే? వాళ్ల వైపు అనరా?"

"అంటారు నాయనమ్మా. ఈయన అనకూడదు." కస్తూరి కారణం చెప్పింది.

తాయారమ్మ తలుపు గొళ్లెం వేసింది. "మీ అమ్మ వస్తానంది. ఈ అబ్బాయి వస్తాననడు. నీ రాత నాకు అర్థం కావడం లేదే తల్లీ," అంది.

అధిక శ్రావణం నడుస్తోంది కాబట్టి అది వెళ్లేదాకా ఆగి, నిజ శ్రావణంలో మొదటి శుక్రవారం, ఆగస్టు ఇరవై, తాంబూలాలు పుచ్చుకుందామని పెద్దలు ఫోన్లో అనుకున్నారు. హనుమకొండ నుంచి నిరంజన్ తల్లిదండ్రులు గురువారం రైలు దిగుతారు. తాయారమ్మ లడ్లకు శనగపప్పు తెప్పించింది.

ఆ వారంలోనే వేరే బేస్ నుంచి వెళ్లిన రెండు విమానాలు రాలేదు. పేపర్లో ఫొటోలు వేశారు. రెండో కుర్రాడికి మీసం కూడా సరిగ్గా లేదు. కస్తూరి ఆ పేపరును నాయనమ్మకు కనబడకుండా మడిచి పరుపు కింద పెట్టింది. రాత్రి పరుపు మీద పడుకుంటే ఆ కాగితం వీపుకు తగులుతున్నట్టే ఉంది.

పదిహేడు, మంగళవారం. సంచి బల్ల మీదికి వచ్చింది. నిరంజనూ సుధీంద్రా జంటగా ఉత్తరాన కొండల్లో ఉన్న బేస్‌కు వెళ్తున్నారు. జంటలో ఒకరి వీపు ఒకరు కాయాలి. ఒకడు ముందుకు చూస్తుంటే రెండోవాడు వెనక్కి చూస్తాడు. జంటను విడదీయకూడదన్నది ఆ స్క్వాడ్రన్‌లో పెద్ద నియమం.

గదిలో కస్తూరీ నిరంజనూ ఇద్దరే ఉన్నారు. కస్తూరి మేజోళ్లు మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది.

"అవి కొత్తగ ఏం నేర్చుకోవు మేడమ్. మడత చాలు."

"డ్యూటీ చార్టు చూశాను," అంది కస్తూరి. "గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి మీ డ్యూటీ అయిపోతుంది. వేరే జంట వస్తుంది. అక్కడి నుంచి ఇక్కడికి రెండు గంటలు. దారిలో కొండ లేదు, మ్యాపులో గీత గీసి చూశాను. సాయంత్రం ఆరంటే నాలుగు గంటలు చేతిలో ఉంటాయి."

నిరంజన్ నవ్వు ఆపాడు.

"గురువారం సాయంత్రం ఆరింటికల్లా వస్తానని చెప్పండి. తెలుగులో. నవ్వకుండా."

"కస్తూరి. గట్ల అడగొద్దు."

"మా అమ్మ మాట ఏ గాలీ పట్టుకోలేదు. మీ మాట పట్టుకుంటుంది. అది ఉండీ మీరు చెప్పకపోతే నేను ఎలా నిలబడాలి?"

"ఏదో ఒక జోక్ చెప్పుకొని నిలబడాలె. వదిన నిలబడ్తలేదా?"

"నేను రేవతక్కను కాను. నాకు చేతకాదు." ఆమె సంచిని పక్కకు జరిపింది. "చెప్పకపోతే శుక్రవారం తాంబూలాలు వద్దు. నాన్నకు నేనే చెప్తాను. రేపెప్పుడో కుమిలిపోయే కన్నా ఇవాళే వదులుకుంటాను."

అతను సంచి వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. ఇంకో జోక్ కోసం వెతుకుతున్నట్టు నోరు తెరిచి మూశాడు. కస్తూరి ఏడుపు చప్పుడు లేకుండా ఉంది, అదే అతను భరించలేకపోయాడు.

"గురువారం సాయంత్రం ఆరు గంటలకు నేను నీ ముందుంట కస్తూరి," అన్నాడు.

పైన తిరుగుతున్న ఫ్యాను ఆగింది. కరెంటు పోలేదు, బల్బు వెలుగుతూనే ఉంది. కిటికీ పక్కన వేలాడే రసీదుల కట్ట నిటారుగా నిలబడి, ఎవరో విన్నట్టు ఒక్క క్షణం ఆగి, మళ్లీ కిందికి వాలింది. ఫ్యాను తిరిగింది.

అతను ఆమెకు నవ్వకుండా ఇచ్చిన మొదటి మాట అది. కస్తూరికి ఆ సంతోషంలో ఒళ్లు తేలిపోయింది. సంచిలో మూడు చొక్కాలు పెట్టి జిప్పు వేసింది.

"సుధీ అన్నకు చెప్పకు," అన్నాడు నిరంజన్. "తిడ్తడు."

గురువారం పొద్దున్నుంచీ వాన. పన్నెండింటికి కస్తూరి గడియారం చూసుకుంది. డ్యూటీ అయిపోయి ఉంటుంది అనుకుంది. ఒంటిగంటకు వైర్‌లెస్ గది నుంచి దశరథ్ వచ్చి, లోయంతా మబ్బు పట్టిందట, మార్పు జంట ఎగరలేదట, పాత జంటనే ఉండమన్నారట అన్నాడు. కస్తూరి చేతిలో పెన్ను కింద పడింది. మూడున్నరకు బేస్‌లో ఆఫీసర్లు నడవడం మాని పరుగెత్తసాగారు. ఉత్తర సమాఖ్య విమానాలు పెద్ద గుంపుగా వచ్చాయి. అక్కడున్న అన్ని జంటలనూ పైకి పంపారు.

అయిదున్నరకు ఆమె రన్‌వే అంచున రేకుల షెడ్డు కింద నిలబడింది. వస్తాడు. మాటిచ్చాడు. గాలి తెస్తుంది. ఇదే మూడు వాక్యాలు మళ్లీ మళ్లీ అనుకుంది. నాలుగో వాక్యం ఏదో ఉందని, అది తను అనుకోవడం లేదని ఆమెకు తెలుస్తూనే ఉంది.

ఆరింటికి రెండు నిమిషాలుండగా మబ్బులోంచి ఒక విమానం దిగింది. ఎవరో మెడ పట్టి ఈడ్చుకొచ్చినట్టు దిగింది. ఎడమ రెక్క చివర విరిగి వేలాడుతోంది. నిరంజన్ దిగి, హెల్మెట్ నేల మీద పడేసి, తడి సిమెంటు మీద నడిచి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. షెడ్డు గోడ మీది గడియారం ఆరు చూపించింది.

కస్తూరి అతని రెండు చేతులూ పట్టుకుంది. అవి ఆమెను పట్టుకోలేదు.

"సుధీంద్ర గారేరి?" అని అడిగింది.

"ఏడుగురు ఉన్నరు వాళ్లు. మేం ఇద్దరం," అన్నాడు. "నాలుగైంది. నా విమానం దానంతట అదే దక్షిణం దిక్కు తిరుగుడు సురువు చేసింది. వద్దన్న. నా మాట నేను వాపసు తీసుకుంటున్నన్న. వినలే. నేను వెనక్కి తిప్తుంటే రెక్క విరిగింది."

"ఆయనకు చెప్పారా?"

"రేడియోల చెప్పిన. 'అన్నా, మాటిచ్చిన' అని. ఎన్నింటికి అని అడిగిండు. ఆరింటికన్న. తిట్టలే." అతను నోటి మీద వాన తుడుచుకున్నాడు. "'గాలితో కొట్లాడకురా, ఇంకో రెక్క పోతుంది, పో, వీళ్లకి నేను సింగిల్‌గానే సినిమా చూపిస్తా' అన్నడు. జోకే చేసిండు. నేను తిరిగి చూసే వరకు అన్న వెనక నలుగురు ఉన్నరు. అన్న వెనక నేను లేను."

వాన షెడ్డు రేకుల మీద మోగుతోంది. కస్తూరి అప్పుడు నాలుగో వాక్యాన్ని పూర్తిగా అనుకుంది: సుధీంద్ర గారి వీపు కాయడానికి ఎవరూ ఉండరు.

శుక్రవారం పొద్దున్న ఆమె నాలుగో అంతస్తుకు మెట్లెక్కి వెళ్లింది. తనకంటే ముందు ఆఫీసర్లు వచ్చి వెళ్లారు. తలుపు తీసే ఉంది. రేవతి వంటింటి గడప మీద కూర్చొని ఉంది. స్టవ్ మీద ఇడ్లీ పాత్ర ఉంది, మంట లేదు.

కస్తూరి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అక్కా, నిరంజన్ గారిని గాలి ఎందుకు తిప్పిందో వాళ్లు చెప్పారా?"

"మాటిచ్చాడట ఎవరికో."

"నాకే అక్కా. నేనే అడిగాను. ఏడ్చి అడిగాను."

రేవతి ఆమె వైపు చూసింది. కస్తూరి తల దించుకోలేదు. ఆ ఒక్కటైనా చేయాలనుకుంది.

"ఆరేళ్లు," అంది రేవతి. "మొన్న మంగళవారం కూడా నోటి దాకా వచ్చింది. లిఫ్ట్ గురించి మాట్లాడాను."

"నన్ను తిట్టండి అక్కా."

"తిడతాను. ఇవాళ కాదు. ఇవాళ ఓపిక లేదు." రేవతి గోడకు తల ఆనించి కళ్లు మూసుకుంది. "అతను వచ్చాడు కదా?"

"వచ్చాడు."

"తిన్నాడా?"

"లేదు. నిన్నటి నుంచీ ఏమీ ముట్టలేదు. మా ఇంటి కింద మెట్ల మీద కూర్చొని ఉన్నాడు. పైకి రావడానికి కాళ్లు రావడం లేదంటున్నాడు."

"రమ్మను," అంది రేవతి. "ఆయన చివరగా ఏం జోక్ చెప్పారో నాకు అతని నోటితో వినాలని ఉంది. నువ్వు చెప్పకు."

కస్తూరి లేచింది. గోడ పట్టుకొని మెట్లు దిగింది. నిరంజన్ పక్కన కూర్చొని, "రేవతక్క పిలుస్తోంది," అంది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె అతని భుజం కింద చెయ్యి వేసి లేపింది. ఒక్కో మెట్టూ ఆగి ఆగి, ఇద్దరూ నాలుగో అంతస్తుకు ఎక్కారు.

ఆ శుక్రవారం తాంబూలాలు జరగలేదు. కార్తీకంలో, ఫరీదాబాద్‌లో అనంతరామయ్య గారి స్నేహితుడి ఇంటి డాబా మీద, పాతికమంది మధ్య పెళ్లి జరిగింది. ఫ్లాట్ ఖాళీ చేసి వెళ్లిపోయిన రేవతి కర్నూలు నుంచి వచ్చింది. వెనక వరసలో నిలబడింది. తాయారమ్మ పళ్లెం పట్టుకొని అందరినీ దాటుకుంటూ వెళ్లి, ఆమె చేతిలో అక్షింతలు పోసి, ముందుకు తీసుకొచ్చింది. రేవతి ఇద్దరి తలల మీదా అక్షింతలు వేసింది. నిరంజన్ వంగి ఆమె కాళ్లు పట్టుకుంటే, లేవమని భుజం తట్టింది.

యుద్ధం 2006 మార్చిలో ఆగింది. నిరంజన్ ప్రాణాలతో ఉన్నాడు.

స్క్వాడ్రన్ లీడర్ సుధీంద్ర తిరిగి రాలేదు. 2004 ఆగస్టు 19, గురువారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు అతని విమానం కూలిపోయింది.